కొట్టి ఆగే చప్పుడు

ఆ ఇంటికి చెడ్డపేరుంది. ఎవరు తెచ్చారని అడక్కండి, వీధి వీధంతా కలిసి తెచ్చింది.

పాల ప్యాకెట్లు వేసేవాడు ఆ గేటు దాటేదాకా సైకిల్ మీద లేచి నిలబడి తొక్కుతాడు. గ్యాస్ బండ తెచ్చేవాడు అవతలి సందులోంచి చుట్టు తిరిగొస్తాడు. పిల్లల బంతి ఆ గోడ దాటిందా, దానికి నీళ్ళొదులుకోవాల్సిందే. ఇరవై ఏళ్ళ పైనే అయింది ఆ ఇంటికి తాళం పడి. కిటికీ అద్దాలు రాలిపోయాయి, గోడలు చెమ్మ పీల్చి ఉబ్బిపోయాయి. అయినా ఒక్క దొంగ కూడా గోడ దూకలేదు, కుళాయి గొట్టాలు సైతం ఎక్కడివక్కడే ఉన్నాయి. దొంగలకి మాత్రం ప్రాణం తీపి కాదా.

ఏముంది ఆ ఇంట్లో అంటే...

రాత్రిపూట లోపలినుంచి తలుపు కొట్టే చప్పుడు వస్తుంది. మూడు దెబ్బలు... ఆగుతుంది... మళ్ళీ మూడు. తర్వాత ఒక ఆడగొంతు. వీధిలోవాళ్ళని వరసలు పెట్టి పిలుస్తుంది. పలికామా, అంతే సంగతులు. అందుకని చప్పుడు చెవిన పడగానే లైటు ఆర్పెయ్యాలి, కిటికీ మూసెయ్యాలి, నోరు మెదపకూడదు. ఆ వీధి పిల్లలకి ఎక్కాలకంటే ముందు వచ్చే పాఠం అది. ఇప్పుడు చప్పుడు రావడం లేదుగా అంటే, అదను కోసం చూస్తోంది అంటారు.

ఇదంతా నేను మా స్టూడియోలో పనిచేసే పిల్ల నోట విన్నాను. విన్నది విన్నట్టే చెప్తాను. మధ్యలో నాకు ఒళ్ళు మండితే మండుతుంది, సర్దుకోండి.

మాది పెళ్ళి ఫొటోల స్టూడియో. తీసేది ఆ పిల్ల, ఆల్బమ్ చేసేది నేను. మొటిమలు తుడుస్తాను, బట్టతలల మీద మెరుపు తగ్గిస్తాను, పెళ్ళికూతురి వెనకాల పళ్ళు కుట్టుకుంటూ దొరికిపోయిన పెద్దమనుషుల్ని చెరిపేస్తాను. నన్ను అక్కా అంటుంది. పిల్ల అన్నాను గానీ ముప్పైకి దగ్గర పడింది. తన పెళ్ళి మాట ఎత్తితే మాత్రం కెమెరా బ్యాగు భుజాన వేసుకుని బయటికి నడుస్తుంది.

దానికో కారణం ఉంది. ఆ ఇల్లు వాళ్ళదే, వాళ్ళ నాన్న కట్టించింది. తనకి ఏడాది కూడా నిండకముందు, ఆ ఇంట్లోంచే వాళ్ళమ్మ ఎవరితోనో లేచిపోయిందట. పాలు మాన్పిస్తానని నాయనమ్మ చంటిదాన్ని తన ఇంటికి తీసుకెళ్ళిన వారంలోనే జరిగిందట. ఇక పిల్ల నాయనమ్మ దగ్గరే పెరిగింది. అన్నం వద్దంటే "మీ అమ్మ పొగరే". అద్దం ముందు కాసేపు నిలబడితే "మీ అమ్మ బుద్ధే". నాన్న ఇంకో పెళ్ళి చేసుకుని, ఇల్లు అమ్మేసి, వేరే ఊరు పోయాడు. ఆ తర్వాత లోకంలోంచే పోయాడు. నాయనమ్మా పోయింది. మిగిలిందల్లా ఒక పెళ్ళి ఫొటో. అందులో అమ్మ ఉన్న సగం కత్తెరతో కోసేశారు. సరిగ్గా కోయడం చేతకాలేదు గనుక నాన్న మోచేతి మీద నాలుగు వేళ్ళు మిగిలాయి. ఆ పిల్లకి అమ్మంటే ఆ నాలుగు వేళ్ళే.

ఇల్లు కొన్నవాళ్ళు భయపడి దిగలేదు. చేతులు మారి మారి చివరికి అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళ చేతిలో పడింది. గేటు తాళం పగలగొట్టి, ముందు పొక్లెయిన్ తెచ్చి నిలబెట్టారు. తెల్లారితే కూల్చేస్తారనగా ఆ పిల్ల నా టేబుల్ ముందుకొచ్చి నిలబడింది.

"నన్ను వదిలేసి ఏ గదిలోంచి వెళ్ళిపోయిందో ఆ గది చూడాలక్కా," అంది. "ఫొటో తీస్తాను. తీసి, ఆ గడప మీద ఉమ్మేసి వచ్చేస్తాను. ఇక ఆ మనిషి ఊసు నాకొద్దు."

ఊహ తెలిసిన్నాటినుంచి పెంచుకున్న కోపం అది, వద్దంటే ఆగేది కాదు. తోడొస్తానన్నాను. నా దగ్గు, నా గాజుల చప్పుడు, చీకట్లో అడ్డం పడే నా భారీ శరీరం... ఏదీ అక్కర్లేదంది.

ఆ పిల్ల ఫొటో తీసే పద్ధతి ఒకటుంది. చిమ్మచీకట్లో కెమెరాని స్టాండు మీద నిలబెట్టి, షట్టర్ తెరిచి వదిలేస్తుంది. కెమెరా కన్నార్పకుండా చూస్తూ ఉంటుంది. తను నల్లబట్టలు వేసుకుని, టార్చి పట్టుకుని, సున్నం కొట్టినట్టు వెలుగుని గోడలకి పూసుకుంటూ గదంతా తిరుగుతుంది. పూసిన చోట బొమ్మలో గది ఉంటుంది, పూయని చోట నలుపే. తను మాత్రం బొమ్మలో పడదు, ఎందుకంటే ఒక్కచోట నిలవదు, తన మీద వెలుగు వేసుకోదు. పరాయి వెలుగు ఏ కాస్త దూరినా బొమ్మ పాడు. అందుకని ఫోను కూడా దగ్గర ఉంచుకోదు. తంటా అంతా దీంతోనే వచ్చింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎదురుగా నిలబడి వెలుగు వేస్తే ముడతలూ మచ్చలూ కనపడవు, అన్నీ నున్నగా వస్తాయి. పెళ్ళివారికి మేం వేసేది ఆ వెలుగే. అదే వెలుగుని పక్కనుంచి, ఆనించినట్టు వేశామా, వెంట్రుకంత గీత కూడా నీడతో సహా బయటపడుతుంది. అలాంటి ఫొటో ఒక్కటిచ్చినా పెళ్ళివారు మమ్మల్ని తన్ని తగలేస్తారు.

చీకటి పడే వేళకి ఆ వీధిలో దిగింది. ఎదురింటి వరండాలో టైలరమ్మ మిషన్ తొక్కుతోందట. ఆ వీధిలో అందరికంటే పాతకాపు ఆవిడే. గేటు దగ్గర ఆగిన మనిషిని చూసి, కాలు ఆపకుండానే పిలిచి, ఇందాక నేను చెప్పిన చప్పుడు కథంతా చెప్పింది. చివర్లో మాత్రం గొంతు తగ్గించింది.

"ఆ ఇంటి కోడలు లేచిపోయింది చూడు... ఆ రాత్రే మొదలైంది చప్పుడు. అలాంటి ఆడది తిరిగిన కొంప. పీడ పట్టకుండా ఉంటుందా."

ఆ కోడలి కూతుర్నే నేను అని పిల్ల చెప్పలేదు. "అలాగే ఆంటీ, జాగ్రత్తగా ఉంటాను" అని మాత్రం అంది. తల్లిని అంత మాట అన్నా ఆవిడ మీద కోపం రాలేదట. నిజమే కదా అనిపించిందట.

లోపల దుమ్ము, గబ్బిలాల కంపు. హాలు తీసింది. వంటగది తీసింది. గట్టు కింద తుప్పు పట్టిన స్టవ్వు, పక్కన పాలసీసా మూత ఒకటి. అది తనదే అయుంటుంది. దాన్ని కాలితో తోసేసి ముందుకు నడిచింది.

మిగిలింది చివరి గది.

చిన్న గది. కిటికీ లేదు. వీధివైపు గోడకి పైన, చెయ్యి అందని ఎత్తులో ఒక వెంటిలేటర్. దాంట్లోంచి ఎదురిళ్ళ మేడల వెలుగు వచ్చి పైకప్పు మీద మచ్చలు మచ్చలుగా పడుతోంది. ఆ మాత్రం వెలుగుతో ఇబ్బంది లేదు, కెమెరా చూపు అంత పైకి పోదు. ఇబ్బందల్లా హాలు కిటికీలోంచి వచ్చే వీధిదీపంతో. అది తిన్నగా తలుపులోంచి దూరి నేల మీద పడుతోంది.

సరే అని తలుపు మూసింది. చెమ్మకి ఉబ్బిన చెక్క కదా, భుజం పెట్టి నెడితే గానీ పడలేదు.

ఫోను బ్యాగులో ఉంది. బ్యాగు హాల్లో ఉంది.

షట్టర్ తెరిచింది... టార్చి వెలిగించింది... గోడ. మూల. నేల మీద మంచం కోళ్ళ గుర్తులు. ఆఖర్న తలుపుకి ఎదురుగా నిలబడి పైనుంచి కిందికి నింపాదిగా పూసింది. నున్నటి తలుపు, మంచి రంగు. ఇల్లంతా సున్నం రాలిపోతుంటే ఈ ఒక్క తలుపుకే ఇంత దళసరి రంగు ఎందుకా అని ఒక్క క్షణం అనిపించిందట.

షట్టర్ మూసింది. బయటికి వద్దామని తలుపు మీద చెయ్యి వేసింది.

పిడి లేదు.

తడిమింది. పైన లేదు, కింద లేదు. గడియ కూడా లేదు. గోళ్ళు పెట్టి అంచు లాగింది. బిగుసుకుపోయిన తలుపు గోళ్ళకి వస్తుందా... చూపుడువేలి గోరు విరిగింది. స్టాండు కాలు సందులో దూర్చబోయింది, సందే లేదు.

అప్పుడు కొట్టింది. మూడు దెబ్బలు.

ఆగింది. మళ్ళీ మూడు.

పైకప్పు మీద ఒక వెలుగు మచ్చ ఆరిపోయింది.

ఎవరో లేచారు, వస్తున్నారు అనుకుంది. ఇంకా గట్టిగా కొట్టింది. ఇంకో మచ్చ ఆరింది. ఎక్కడో కిటికీ రెక్క దబ్బున మూసుకుంది. ఇంకోటి. మిషన్ చప్పుడు టక్కున ఆగిపోయింది.

అరిచింది. "ఆంటీ... నేనే. ఇందాక మాట్లాడాను కదా. తలుపు బిగుసుకుపోయింది, కాస్త రండి."

ఆఖరి మచ్చ కూడా ఆరిపోయింది.

ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. గంట క్రితం ఆ పిల్ల ఆ గేటులోకి వెళ్ళడం కళ్ళారా చూసిన మనుషులు వాళ్ళు. టైలరమ్మయితే మాట్లాడింది కూడాను. లోపల ఎవరున్నారో తెలుసు, గొంతూ తెలుసు. అయినా లైట్లు ఆర్పుకుని, దుప్పట్లు ముసుగేసుకుని, పిల్లల నోళ్ళు నొక్కి పడుకున్నారు. రోడ్డు మీద కుక్క అరిస్తే మేడెక్కి తిట్టే జనం.

పిల్ల కొడుతూనే ఉంది. కొడుతుంటే కొడుతుంటే ఒక సంగతి తట్టి చెయ్యి ఆగిపోయిందట. తను మూడు కొట్టి ఆగుతోంది. లెక్కపెట్టి ఆగడం లేదు. ఎవరైనా వస్తున్నారా అని వినడానికి ఆగుతోంది. అడుగులు వినపడక మళ్ళీ కొడుతోంది.

కొట్టి ఆగే చప్పుడు...

టార్చి తలుపుకి ఆనించి, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని అంచు వెంబడి వెతకసాగింది. ఆనించిన వెలుగు, పక్కనుంచి...

తలుపు నిండా సొట్టలు.

ఎదురు వెలుగులో నున్నగా కనిపించిన ఆ తలుపు మీద, రంగు కింద, నెలవంకల్లా చిన్న చిన్న సొట్టలు. ఒకటి కాదు, పది కాదు. ఒకదాని మీద ఒకటి. తను ఇందాకటినుంచి ఎక్కడ కొడుతోందో సరిగ్గా ఆ ఎత్తులో. టార్చి కిందికి దించింది. నడుం ఎత్తులో ఇంకో గుంపు. ఇంకా దించింది. గడప పక్కన, నేలకి జానెడు ఎత్తులో, ఉన్నాయా లేవా అన్నట్టు కొన్ని.

పిడి ఉండాల్సిన చోట నాలుగు మరమేకుల కన్నాలు. లప్పం పెట్టి పూడ్చి, పైన రంగు వేశారు.

ఆ పిల్ల నేల మీద కూర్చుని కింది సొట్టల్ని వేలితో తడిమింది. ఎంతసేపు కూర్చుందో తనకీ తెలీదు. తర్వాత లేచి, స్టాండు కాళ్ళు దించి, కెమెరా తలుపు వైపు తిప్పింది. షట్టర్ తెరిచి, గోడ పక్కన నక్కి, తలుపు చెంప మీదుగా టార్చిని నెమ్మదిగా కిందికి నడిపించింది. ఏడుపొస్తోందట, కానీ టార్చి ఎక్కడా ఆగనివ్వలేదట. ఆగితే అక్కడ వెలుగు ముద్ద కట్టేస్తుంది.

షట్టర్ మూసింది. టార్చి ఆర్పింది.

హాల్లో అడుగులు.

బరువైన అడుగులు... ఒక కాలు కాస్త ఈడ్చినట్టు. ఆగాయి. మళ్ళీ నడిచాయి. తలుపు దాకా వచ్చి ఆగాయి. అవతల ఎవరో ఊపిరి తీస్తున్నారు.

"ఎవరూ..." అంది ఒక మగగొంతు, గుసగుసగా.

పిలిస్తే పలకొద్దని సాయంత్రం విన్నది చూశారూ... అది లోపలికి దిగిపోయింది. నోరు పెగల్లేదు ఆ పిల్లకి. వేళ్ళు మడిచి, ఉన్న కాస్త శక్తితో మూడు దెబ్బలు కొట్టింది.

తలుపు భళ్ళున లోపలికి తెరుచుకుంది.

బనీను వేసుకున్న మనిషి. కళ్ళు నులుముకుంటున్నాడు. పొక్లెయిన్ డ్రైవరట. డీజిల్ ఎవరూ పట్టుకుపోకుండా బండి కేబిన్లోనే పడుకున్నాడు. వేరే ఊరివాడు, ఆ సాయంత్రమే వచ్చాడు. ఆ ఇంటి కథ ఏదీ అతని చెవిన పడలేదు.

మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. ఎలా వచ్చావు, భయం వెయ్యలేదా అని పిల్ల అడిగింది.

"భయం దేనికండీ," అన్నాడు. "లోపల ఎవరో ఉంటేనే కదా కొడతారు. తోశాను, వచ్చేసింది."

తర్వాత తలుపు బయటివైపు టార్చి వేసి చూశాడు. వీధి తలుపుకి పెట్టేంత గొళ్ళెం. తాళం పట్టే కొక్కెంతో సహా. తుప్పు పట్టి, తీసి వేలాడుతోంది. "పడగ్గదికి గొళ్ళెం బయట పెట్టారేంటండీ," అన్నాడు. అతనికి అర్థం కాలేదు. ఆ పిల్లకి అయింది.

తెల్లవారకుండా మా ఇంటి తలుపు కొట్టింది. నేను తీశాను. కెమెరా నా చేతిలో పెట్టింది. స్టూడియో తెరిచి తలుపు ఫొటో పెద్ద స్క్రీన్ మీద పెట్టాను. నా బతుకంతా సొట్టలు పూడ్చడమే కదా, ఎన్ని చూడలేదు. ఇలాంటివి చూడలేదు. పెద్దది చేశాను. నెలవంకలన్నీ ఒకే కొలత. లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసు తెచ్చి, అట్టముక్క మీద అంచుతో ఒక్కటి కొట్టాను. అదే నెలవంక.

పిల్ల స్క్రీన్ మీద వేలు పెట్టింది. "ఇవి నిలబడి కొట్టినవి," అంది. వేలు దించింది. "ఇవి కూర్చుని." ఇంకా దించి, అక్కడే ఉంచేసింది. పడుకుని అనే మాట అనలేకపోయింది.

తర్వాత అంది, "ఎక్కడికీ పోలేదక్కా మా అమ్మ."

వాళ్ళ నాన్న ఆవిడని ఎందుకు పెట్టాడు ఆ గదిలో అని మీరు అడుగుతారు. అడగనివాళ్ళు లేరు. ఏదో జరిగే ఉంటుంది, ఊరికే ఎందుకు పెడతాడు అని కూడా అన్నారు కొందరు. ఆ మాట అన్నవాళ్ళని నేను మా గుమ్మం తొక్కనివ్వలేదు. నాయనమ్మకి తెలుసో తెలీదో, అడగడానికి ఆవిడా లేదు. కడిగేద్దామంటే అసలు మనిషి చచ్చి కూర్చున్నాడు. మిగిలింది వీధి.

ఫొటోని మా మిషన్ మీద వచ్చేంత పెద్దది ప్రింట్ తీశాను. ఇద్దరం వెళ్ళాం. కాంట్రాక్టరు ఫోనులో కేకలు వేస్తున్నాడు, డ్రైవరు మాత్రం బండి తాళం జేబులో వేసుకుని గోడ మీద కూర్చున్నాడు. రాత్రి ఆ తలుపు కొట్టినావిడ వచ్చి చెప్పేదాకా మొదలెట్టనన్నాడట. జనం మూగారు. రాత్రి ఎవరెవరు లైట్లు ఆర్పారో వాళ్ళంతా, తలలు దువ్వుకుని, మొహాలకి పౌడర్లు రాసుకుని.

పిల్ల తిన్నగా టైలరమ్మ వరండాలోకి వెళ్ళి, కుడుతున్న బట్టని పక్కకి జరిపి, ఫొటో మిషన్ మీద పరిచింది. తను ఎవరో చెప్పింది. అది ఏ తలుపో చెప్పింది. ఆ సొట్టలు దేనివో నేను చెప్పాను.

ఆవిడ పెడల్ మీంచి కాలు తీసేసింది.

"ఆ చప్పుడు ఎన్నాళ్ళు వచ్చింది?" అంది పిల్ల. కేకలు వెయ్యలేదు. వేస్తే బాగుండు అనిపించింది నాకు.

"కొన్నాళ్ళు... మొదట్లో తెల్లవార్లూ వచ్చేది. పోను పోను సన్నబడింది."

"పిలిచేదన్నారు. మిమ్మల్ని ఏమని పిలిచింది?"

టైలరమ్మ ఫొటో వైపు చూడలేదు, పిల్ల వైపూ చూడలేదు. "అక్కా అని," అంది. "నా దగ్గరే జాకెట్లు కుట్టించుకునేది... అదే గొంతు. తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుంది, పలక్కండి, అన్నాడు."

"ఎవరు?"

"మీ నాన్నే. మీ అమ్మ లేచిపోయిందన్న రోజు ఉదయమే గేటు దగ్గర నిలబడి అందరికీ చెప్పాడు. అది పోతూ పోతూ ఇంటికి ఏదో పట్టించి పోయింది, రాత్రుళ్ళు దాని గొంతుతోనే పిలుస్తుంది, ఎవరూ రావద్దు అని."

మనిషిని గదిలో పెట్టి తాళం వేసుకుంటే ఇరుగుపొరుగు ఊరుకోరేమోనని భయపడ్డాడు వాడు. అందుకని ముందుగా ఒక కథ చెప్పి వాళ్ళ తలుపులకి కూడా గడియలు వేయించాడు. వీళ్ళు వేసుకున్నారు. పైగా ఆ కథకి కాళ్ళూ చేతులూ పెట్టి, ఇన్నేళ్ళూ పిల్లలకి కూడా నూరిపోశారు.

"తర్వాత?"

"ఒకరోజు తెల్లవారుజామున వ్యాన్ వచ్చింది. చాప చుట్ట ఒకటి ఎక్కించారు. పాత సామాను పారేస్తున్నారనుకున్నాం. ఆ రాత్రినుంచి చప్పుడు ఆగిపోయింది."

"ఆగిపోతే... ఏమనుకున్నారు?"

టైలరమ్మ ఒళ్ళో ఉన్న దారపు ఉండని రెండు చేతులా పట్టుకుంది. అబద్ధం చెప్పడానికి వీలు దొరకలేదేమో, ఉన్నమాటే చెప్పింది.

"హమ్మయ్య అనుకున్నాం."

పోలీసులొచ్చారు, రాసుకున్నారు, గొళ్ళేన్ని ఫొటో తీసుకున్నారు. వ్యాన్ ఎక్కడికి పోయిందో చెప్పేవాళ్ళెవరూ బతికిలేరు. వాళ్ళ పని అయ్యాక డ్రైవరు ఆ తలుపుని ఎక్కడా పగలకుండా గుమ్మంతో సహా ఊడదీసి పెట్టాడు. మిగతా ఇల్లు ఒక్క పూటలో నేలమట్టమైంది. వాళ్ళ నాన్న కట్టించింది అంతకంటే నిలబడాల్సిన అవసరం లేదు.

ఆ రాత్రి ఆ వీధిలో మళ్ళీ చప్పుడు వచ్చింది.

ఇల్లే లేదు, చప్పుడెక్కడిది అని అడక్కండి. గ్లాసు మా ఇంటిది. కొట్టింది ఆ పిల్ల. ఈసారి వద్దన్నా వినకుండా నేనూ పక్కనే ఉన్నాను, నా దగ్గుతో, నా గాజులతో సహా. వీధి మొదట్లోని ఇంటి తలుపు దగ్గర మొదలుపెట్టింది. మూడు దెబ్బలు... ఆగింది. లోపల లైటు ఆరిపోయింది. పక్కింటి తలుపు. మూడు... ఆగింది. ఆరిపోయింది. ఆ వరసా ఈ వరసా, ఏ తలుపుకీ ఎక్కువ కొట్టలేదు, ఏ తలుపునీ వదల్లేదు. పొద్దున ఫొటో చూసి కళ్ళు తుడుచుకున్న ఇళ్ళే అన్నీ. ఒక్కటీ తెరుచుకోలేదు.

చివరికి టైలరమ్మ వరండా ఎక్కింది.

మూడు దెబ్బలు.

ఆగింది. నేనూ విన్నాను. లోపల లైటు వెలుగుతూనే ఉంది... మళ్ళీ మూడు. చెప్పుల చప్పుడు తలుపు దాకా వచ్చి నిలిచిపోయింది. తర్వాత గడియ తీసిన చప్పుడు.

తలుపు కొంచెం తెరుచుకుంది. సందులో ఆవిడ మొహం, తెల్లగా పాలిపోయి.

పిల్ల గ్లాసు కిందికి దించింది. వాళ్ళమ్మ ఆవిడని అక్కా అని పిలిచింది కదా... ఆ వరసనే పట్టుకుని, నెమ్మదిగా అంది.

"తలుపు తియ్యడం... ఇంతే పెద్దమ్మా. ఇంతే పని."